రసమట్టం మేస్త్రి మెత్తబడిన కాలం

మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఎదుట ఉంటే మేస్త్రిగారు, వీపు తిప్పితే రసమట్టం. ఇటుకల వరస మీద ఆనించి, గాజు గొట్టంలోని గాలిబుడగ నడుమ నిలిచిందా లేదా అని చూసుకునే పనిముట్టు పేరు అది. గోడలు కట్టేవాళ్లందరి దగ్గరా ఉంటుంది. ఈయనకి మాత్రం కళ్లలోనే ఉండేది. ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చోకముందే గోడ మీది పటం సరిచేసేవాడు. మా ఇంట్లోనూ చేశాడు. చేసి, "ఈ మేకు కొట్టిందెవరు?" అని అడిగాడు. మా నాన్న కాస్త గర్వంగానే నేనేనన్నాడు. "మేకు కొట్టమంటే గోడని పొడిచి చంపావు కదయ్యా!" అన్నాడు రసమట్టం. ఆ తర్వాత మా నాన్న సుత్తి ముట్టుకోలేదు.

ఇక పనిలో ఆయన కోపం చూసి తీరాల్సిందే. వరసలో రవ్వంత వంపు కనిపిస్తే చాలు, తిట్టేవాడు కాదు ముందు, తన్నేవాడు. మనుషుల్ని కాదు, గోడని. ఇటుకల నడుమ సిమెంటు మాలు ఆరకముందు కాలు పెట్టి ఒక్క తోపు తోస్తే పొద్దుటి నుంచి కట్టిందంతా కుప్ప. ఆ తర్వాత మొదలయ్యేవి తిట్లు. "ఇది గోడా, తాగుబోతు నడకా? ఇందులో కాపురం ఉండేవాళ్లు మనుషులు కాదనుకున్నారా? కట్టండి మళ్లీ!" ఈ తిట్లలో పెద్ద వాటా ఆయన తమ్ముడిది. మీసాలు రాకముందు నుంచీ అన్న దగ్గరే తాపీ పట్టినవాడు, అన్న దగ్గరే తల నెరిసినవాడు. "నా పెళ్లిలో ఫొటోలు తీసేవాడు కూడా తిట్లు తిన్నాడు, కెమెరా ఒరిగిందని. ఏ ఫొటోలో చూడు, మేం అందరం నిటారుగానే ఉంటాం గానీ ఒక్కరి ముఖంలో నవ్వుండదు" అని చెప్పి నవ్వించేవాడు.

ఆయన భార్యని మేమంతా అత్తయ్య అనేవాళ్లం. మాకేం చుట్టరికం లేదు, ఎదురిల్లు, అంతే. కూతురు పుట్టేదాకా ఆవిడ కూడా భర్తతోపాటు పనికి వెళ్లి ఇటుకలు మోసింది. ఆయన పోయాక, మధ్యాహ్నాలు మా వరండాలో కూర్చుని చాలా సంగతులు చెప్పేది. నేనిక్కడ రాస్తున్నది చాలావరకు ఆవిడ నోట విన్నదే. కొంత నా కళ్లతో చూసింది.

"తాగడు, కొట్టడు, సంపాదన ఇంటికి తెస్తాడు, ఇంకేం బాధమ్మా నీకు అనేవాళ్లు అందరూ. ఏం చెప్పను? నోరారా ఒక మంచి మాట అనేవాడు కాదు. కూర బాగుంటే మాట్లాడకుండా తినేవాడు. బాగాలేకపోతేనే నోరు తెరిచేవాడు. అందుకని ఆయన నోరు మూసుకుంటే సంతోషపడటం నేర్చుకున్నాను" అనేది అత్తయ్య.

బజారుకెళితే ఆయన ముందు, ఈవిడ వెనక. నడకలో ఆయన్ని అందుకోవాలని పెళ్లయిన కొత్తల్లోనే ప్రయత్నించి మానేసిందట. వీపు చూసుకుంటూ నడిచేది. జనంలో కలిసిపోయినా ఆ వీపుని పట్టేయగలిగేది.

ఒక ఏడాది వానాకాలం వెళ్లిపోయే రోజుల్లో ఇద్దరూ బకెట్ కొనడానికి బయల్దేరారు. పెద్ద రోడ్డు దాటాలి. ఎప్పటిలా ఆయన దాటేసి అవతల నిలబడి "ఏం, ముహూర్తం చూసుకుంటున్నావా?" అని అరవాలి. ఆ రోజు దాటలేదు. ఆగాడు. ఈవిడ పక్కకి వచ్చేదాకా ఆగి, చెయ్యి చాచి ఈవిడ చెయ్యి పట్టుకున్నాడు.

అత్తయ్యకి భయమేసింది. "కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు."

"గుండెలో ఏమైనా..."

"ఏం లేదు."

"మరి?"

"ఊరికే."

రోడ్డు దాటాక వదలలేదు. కొట్లో బకెట్ బేరమాడేటప్పుడూ వదలలేదు. మా వీధి మొదట్లో ఎవరైనా చూస్తారని ఈవిడ వేళ్లు లాక్కోబోయింది. ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఇటుకలు పట్టీ పట్టీ ఉప్పుకాగితంలా అయిపోయిన చెయ్యి అది. "ఇంటికొచ్చాక చెయ్యి కడుక్కోవాలంటే మనసొప్పలేదు" అని చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడి, అరచేత్తో నోరు మూసుకుంది అత్తయ్య. నాకు ఈ మాట చెప్పేనాటికి ఆవిడకి డెబ్భై దాటాయి.

అక్కణ్ణుంచి మేస్త్రి మారిపోయాడు. సాయంత్రం పనినుంచి రాగానే వంటింట్లో పీట వేసుకుని ఈవిడ పక్కన కూర్చునేవాడు. ఉల్లిపాయలు ఒలిచేవాడు. ఏం వండినా "బాగుంది" అనేవాడు. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషి భుజం తట్టి, "ఈమె నా భార్య. చూడండి, ఎంత బాగుంటుందో" అనేవాడు. ఈవిడ కిటికీలోంచి దూకేద్దామా అన్నంత సిగ్గుపడేది. దిగాక తిట్టేది. ఆయన నవ్వేవాడు. ఆ మనిషికి కింది వరస పళ్లు ఎంత తీరుగా ఉన్నాయో ఈవిడ అప్పుడే చూసిందట.

వీధి ఊరుకుంటుందా? "అత్తయ్యా, కొత్త కాపురం ఎలా ఉంది?" అని ఆడవాళ్లు ఆటపట్టించారు. కూతురు బస్టాండులో టిక్కెట్లిచ్చే కౌంటర్లో పని చేస్తుంది, ఆ అమ్మాయికి మర్నాడే చెప్పేసింది తల్లి, చెయ్యి పట్టుకున్న సంగతి. "ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది నాన్నకి. నువ్వేం అడగకు, కారణం వెతక్కు. వచ్చింది వచ్చినట్టు ఉంచుకో" అంది కూతురు.

చలి వెళ్లి ఎండలు ముదిరాయి. అప్పుడు ఒకరోజు తమ్ముడు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"వదినా, అన్నకేం పెడుతున్నావు ఈ మధ్య?"

"ఏం, ఏమైంది?"

"మేడ మీద పిట్టగోడ కట్టాను. నా ఖర్మ, నడుమ పొట్టొచ్చింది. చూసుకునేసరికి అన్న మెట్లెక్కి వస్తున్నాడు. ఇంకేముంది, తన్నుతాడని పక్కకి జరిగి నిలబడ్డా. వచ్చాడు. చూశాడు. చెయ్యి పెట్టి ఆ పొట్ట నిమిరాడు కూడా. ఏమన్నాడో తెలుసా? పోనీలే, అన్నాడు!"

"పోనీలే అన్నాడా?"

"పోనీలే అన్నాడు! నా వెనక ఎవరైనా పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా వాళ్లంతా కూర్చుని రెండేసి టీలు తాగాం వదినా, ఆ సంతోషంలో."

వదినా మరిదీ ఆ రోజు కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. ఎంతో కాలం ఒకే కప్పు కింద ఒకే గర్జన విన్నవాళ్లు. ఇద్దరికీ ఒకేసారి తెరిపి వచ్చినట్టయింది.

మరుపు మాత్రం తరవాత బయటపడింది. కుళాయి తిప్పి వదిలేయడం. సిమెంటు వచ్చిందా అని అడిగి, వచ్చిందని చెబితే తలూపి, చెప్పులు తొడుక్కుంటూ మళ్లీ అదే అడగడం. ఒకరోజు ఎప్పుడో పూర్తిచేసి అప్పగించిన ఇంటికి పొద్దున్నే వెళ్లి, మా వాళ్లు ఇంకా రాలేదేంటని ఆ ఇంటివాళ్లనే అడిగాడు. వాళ్లు మర్యాదస్థులు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి తమ్ముడికి కబురు చేశారు. అప్పుడు కూతురికి బెంగ పట్టుకుంది. బస్టాండు వెనక చిన్న ఆసుపత్రిలో పెద్దవాళ్లకి జ్ఞాపకశక్తి చూస్తారని తెలుసుకుని రోజు ఖాయం చేసుకొచ్చింది. పరీక్ష అంటే పరీక్షేగా అనుకుందో ఏమో, ముందురోజు సాయంత్రం తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టి చదివించడం మొదలుపెట్టింది.

"నాన్నా, ఇవాళ ఏ వారం?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నువ్వు చెప్పు."

"తెలిసీ అడగడమేమిటే?"

"రేపు అక్కడ అడుగుతారు నాన్నా."

"వాళ్లకీ తెలీదా? మరి ఆసుపత్రి ఎలా నడుపుతున్నారే?"

మర్నాడు తమ్ముడు కూడా వెంట వెళ్లాడు. పచ్చ తెర అడ్డం కట్టిన గది. బరువు చూసే యంత్రం, ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. అడిగేది ఒక నర్సు. నడివయసు మనిషి, కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతోంది. వారం, నెల అడిగింది. కూతురి చదువు ఫలించి చెప్పేశాడు. గడియారం గీయమంటే గుండ్రంగా, ఏ ఆధారమూ లేకుండా, ఎంత చక్కగా గీశాడంటే ఆవిడ కాగితం పైకెత్తి చూసింది. అంకెలు వేసేటప్పుడు మాత్రం నాలుగు దాటాక పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు. చివరికి, గుర్తుంచుకోమని మొదట్లో తను చెప్పిన మూడు మాటలు ఏంటో చెప్పమంది.

"తలుపు. గొడుగు."

"ఇంకొకటి?"

కాసేపు పైకి చూశాడు. నవ్వాడు. "పోనీలేమ్మా. రెండున్నాయిగా."

అందరూ నవ్వారు. నర్సూ నవ్వింది. నవ్వుతూనే ఏదో రాసుకుంది.

తర్వాత ఆయన్ని తమ్ముడితో బయట బెంచీ మీద కూర్చోమని పంపి, తల్లీకూతుళ్లని ఉండమంది. "ఇప్పుడు ప్రశ్నలు మీకు" అంది. కూతురు కంగారుగా తల్లి వైపు చూసింది. ఈ పాఠం ఎవరూ చదువుకోలేదు.

"ఆయనకి మునుపు ఇష్టమైన వాటి మీద ఆసక్తి తగ్గిందా అమ్మా?"

"లేదు" అంది అత్తయ్య.

"కోపం, చిరాకు పెరిగాయా?"

"అబ్బే."

"పరిచయం లేనివాళ్లతో మరీ చనువుగా మాట్లాడటం, నలుగురిలో అనని మాటలు అనడం?"

"లేదు."

"ఎదుటివాళ్ల కష్టసుఖాలు పట్టనట్టు ఉండటం?"

"ఎందుకుంటాడమ్మా? బంగారం లాంటి మనిషి."

"మొత్తం మీద మునుపటి మనిషికీ, ఇప్పటి మనిషికీ తేడా ఏమైనా కనిపిస్తోందా?"

"లేదు" అని ఈవిడ అంటూండగానే, "తేడానా! అసలు మనిషే మారిపోయాడండీ. ఎంత మంచివాడైపోయాడో చెప్పలేం" అనేసింది కూతురు. తల్లి బల్ల కింద గిల్లింది. ఆలస్యమైపోయింది.

నర్సు కళ్లజోడు తీసింది. "మంచివాడంటే ఎలా?" అని కూతురిని కాదు, అత్తయ్యని అడిగింది.

కూతురే కొంచెం కొంచెంగా చెప్పింది. తిట్లు మానేశాడని, గోడ వంకరపోయినా ఏమీ అనడని, బస్సులో అమ్మని పొగుడుతాడని. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించేసింది.

"మంచివైపు మారినా మారినట్టే కదమ్మా" అంది నర్సు మెల్లగా. "మరుపు అందరికీ కనిపిస్తుంది. దానికంటే ముందే ఒక్కోసారి స్వభావం మారుతుంది. అదెవరికీ జబ్బులా కనిపించదు. అందుకే అడుగుతాం. జబ్బేనని కాదు. వేరే కారణాలుండొచ్చు, డాక్టరుగారు చూడాలి."

అత్తయ్య లేచి నిలబడింది. ఆవిడ అంత పెద్దగా మాట్లాడగా కూతురు ఎన్నడూ వినలేదట.

"నలభయ్యేళ్లు ఇంటి పైకప్పు ఎగిరేలా అరిచాడు ఆ మనిషి. అప్పుడెవరూ జబ్బనలేదు. ఏ నర్సూ పిలిచి అడగలేదు. ఇప్పుడు నవ్వితే జబ్బా? నా మొగుడు నాతో మంచిగా ఉంటే జబ్బా?"

తెర పక్కకి జరిపి ఎవరో తొంగిచూశారు. నర్సు ఏమీ అనుకోలేదు. కుర్చీ దగ్గరికి జరిపి, "కూర్చోండమ్మా" అంది. ఈవిడ కూర్చోలేదు. "ఇవాళే ఏం తేల్చొద్దు. ఇంటికెళ్లి ఊరికే గమనించండి. మునుపు ఆయన పట్టించుకునేవి ఇప్పుడు పట్టించుకుంటున్నారా? అదొక్కటే చూడండి. వచ్చేవారం రండి."

దారిలో తల్లీకూతుళ్లకి పెద్ద గొడవైంది. మగవాళ్లిద్దరూ ముందు నడుస్తున్నారు. మళ్లీ ఆ గడప తొక్కనంది తల్లి.

"నీకు నాన్న ఆరోగ్యంగా ఉండటం కావాలా, నీతో మంచిగా ఉండటం కావాలా?"

"రెండూ ఎందుకు ఉండకూడదే? ఎవరైనా వద్దన్నారా?"

కూతురు విసవిసా నడిచి తండ్రిని కలుసుకుంది.

వెళ్లనని అన్నదే గానీ, నర్సు మాట అత్తయ్య చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మర్నాడు కూరలో ఉప్పు వేయలేదు. కావాలనే. వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఒకప్పుడు చిటికెడు తగ్గితే కంచం గోడ దాకా జరిగేది. ఆయన తిన్నాడు. "బాగుంది" అన్నాడు. తాను ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, గొంతు దిగలేదు. నన్ను నొప్పించడం ఇష్టంలేక అన్నాడు, అనుకుంది. ఆ రోజంతా అదే మాట తనకి తాను చెప్పుకుంది.

సాయంత్రం మరిది వచ్చాడు. ఊరికే అడిగినట్టు అడిగింది. "పనిలో మీ అన్న ఎలా ఉంటున్నాడు?"

అతను గోళ్లలో ఇరుక్కున్న సిమెంటు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"రెండు గోడలు విప్పి మళ్లీ కట్టాను వదినా. అన్న ఇంటికెళ్లాక. అన్న కట్టినవే."

"ఆయన కట్టినవా? వంకరా?"

"వంకర. రసమట్టం పక్కనే పెట్టుకుని కూర్చుంటాడు. చేత్తో తీయడు. ఇటుక పెట్టమంటే పెడతాడు, పెట్టకపోతే అడగడు. ఇల్లు ఎవరిదని అడగడు. ఎప్పుడు అయిపోతుందని అడగడు."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"ఏం చెప్పమంటావు?" అన్నాడతను. "పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిట్లు తినకుండా పని చేసుకుంటున్నాను. టీ తాగేటప్పుడు భుజం మీద చెయ్యేస్తున్నాడు. ఎవరికైనా చెబితే పోతుందేమో అనిపించింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. "ఒకే ఇంట్లో దొంగతనానికి వెళ్లి, చీకట్లో ఒకరికొకరు తగిలిన దొంగల్లా అయిపోయాం" అని నాతో అంది అత్తయ్య.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఎదురింట్లోంచి అరుపు వినిపించి పరుగెత్తాను. మరుగుతున్న నీళ్ల గిన్నె దించుతుంటే గుడ్డ జారి, మోచేతి నుంచి వేళ్ల దాకా కాలింది. నేను వెళ్లేసరికి అత్తయ్య కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఏడవడం లేదు. నేలంతా నీళ్లు, పొగలు. ఆ నీళ్లకి జానెడు దూరంలో, బల్ల దగ్గర, మేస్త్రి రొట్టె తింటున్నాడు. నన్ను చూసి నవ్వి, "రా, కూర్చో" అన్నాడు.

గిన్నె పడిన చప్పుడుకి ఆయన తల తిప్పి చూశాడట. కాలిన చెయ్యి చూశాడట. "పోనీలే" అని మళ్లీ కంచం వైపు తిరిగాడట.

కట్టు కడుతున్నంతసేపూ అత్తయ్య వేరే సంగతి చెప్పింది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో పని దగ్గర ఆవిడ కాలి మీద ఇటుక పడింది. బొటనవేలు చితికింది. భర్త పరంజా మీంచి ఎలా దిగాడో ఎవరూ చూడలేదు. అమాంతం భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాడు. దారి పొడుగునా తిట్లే. "కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా? ఇటుకలు కనపడవా? నువ్వు చస్తే నాకు వండేదెవరు?" అక్కడ కుట్టు వేసిన డాక్టర్ని కూడా వదల్లేదు, కుట్టు వంకరగా పడిందన్నాడు. మళ్లీ విప్పి వేయమన్నాడు. "తలకిందులుగా వేలాడుతూ ఆ తిట్లు వింటుంటే, వీధంతా చూస్తుంటే, నేల చీలి అందులోకి పోతే బాగుండనుకున్నాను" అంది. అని, కుళాయి కట్టేసిందో లేదో చూసుకోవడానికన్నట్టు అటు తిరిగింది.

కట్టు ముగిసేసరికి ఆయన రొట్టె తినడం అయింది. వచ్చి పక్కన కూర్చున్నాడు. తెల్లటి కట్టు అప్పుడే చూసినట్టు చూసి, "అయ్యో, ఏమైంది?" అన్నాడు. అబద్ధం కాదు అది. ఆ గొంతులో ఎంత మెత్తదనం ఉందో నేను విన్నాను. చేతిని తన ఒళ్లోకి తీసుకుని, తగలకుండా, కట్టు అంచుల వెంట వేలితో నిమిరాడు. కాసేపయ్యాక, "అయ్యో, ఏమైంది?" అన్నాడు మళ్లీ.

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అడిగినప్పుడల్లా "నీళ్లు పడ్డాయి" అని చెప్పింది.

మరుసటి వారం ఎవరూ గుర్తుచేయకుండానే ఆవిడే బయల్దేరింది. నర్సు ఎదుట కూర్చుని అన్నీ చెప్పింది. ఉప్పు సంగతి, గోడల సంగతి, కాలిన చేతి సంగతి. క్రితంసారి లేదు లేదు అన్న ప్రశ్నలకి ఇప్పుడు ఒక్కొక్కదానికీ ఉంది అంటుంటే, సొంత మనిషి మీద చాడీలు చెబుతున్నట్టు అనిపించిందట.

"దీనివల్ల మీకు ఎంత ఇబ్బందిగా ఉందమ్మా? కొంచెమా, ఎక్కువా?" ఇది కూడా అడగాల్సిన ప్రశ్నేనట.

"ఇబ్బందా?" అత్తయ్య నవ్వబోయింది, నవ్వు నిలవలేదు. "పెళ్లయినప్పటి నుంచీ ఇంత సుఖంగా ఎప్పుడూ లేనమ్మా. అది రాయడానికి నీ దగ్గర చోటుందా?"

నర్సు పెన్ను పక్కన పెట్టింది.

"ఒక్క మాట చెప్పు. నా చెయ్యి పట్టుకునేది ఆయనా, జబ్బా?"

"నాకు తెలీదమ్మా. డాక్టరుగారు కూడా చెప్పలేరు."

తెలీదని చెప్పినందుకే ఆ నర్సంటే తనకి ఇష్టమని అత్తయ్య అనేది.

నెత్తురు పరీక్షలు, తల స్కానింగు అయ్యాక తల్లీకూతుళ్లూ తమ్ముడూ పెద్దాసుపత్రిలో డాక్టరు దగ్గర కూర్చున్నారు. మేస్త్రిని నర్సు ఒకామె పక్క గదిలో తూకం వేస్తోంది. డాక్టరు కుర్రవాడు, తొందరలో ఉన్నా మర్యాదగానే ఉన్నాడు. మెదడులో జబ్బు మొదలైందన్నాడు. నయం చేసే మందు లేదు, కొన్ని లక్షణాలని అదుపులో ఉంచే మందులున్నాయి, ఎత్తులెక్కే పని మాన్పించండి, ఏం కావాలో ఆయన చెప్పగలిగినప్పుడే అడిగి తెలుసుకోండి అన్నాడు. తమ్ముడు తలవంచుకుని విన్నాడు. తర్వాత డాక్టరు కాగితం తిప్పి అడిగాడు.

"మార్పు ఎప్పుడు మొదలైందమ్మా? మొట్టమొదట మీరు గమనించింది ఎప్పుడు?"

కూతురు తల్లి వైపు తిరిగింది. వానాకాలం చివర్లో, బకెట్ కొనడానికి వెళ్లిన సాయంత్రం గురించి ఆ అమ్మాయికి తెలుసు. మర్నాడే విన్నది కదా.

అత్తయ్య ఆ కొద్దిసేపట్లో ఏమనుకుందో నాకు చెప్పలేదు. నేనడగలేదు.

"ఎండలు ముదిరాక" అంది. "మా మరిది కట్టిన పిట్టగోడ వంకరపోయిందండీ. పోనీలే అన్నాడు. అదే మొదలు."

తమ్ముడు అవునన్నట్టు తలూపాడు. అతనికి తెలిసిన మొదలు అదే. కూతురు నోరు తెరవబోయింది. తల్లి బాగున్న చెయ్యి తీసి కూతురి మోకాలి మీద పెట్టింది. డాక్టరు రాసుకున్నాడు.

బయట మందుల కిటికీ ముందు చాలామంది ఉన్నారు. తమ్ముడు వరసలో నిలబడ్డాడు. వాళ్లిద్దరూ గోడవారగా నిలబడి ఉంటే కూతురు ఆగలేకపోయింది.

"అమ్మా, చెయ్యి పట్టుకున్నది అంతకు ముందు కదా."

"తెలుసు."

"మరి డాక్టరుకి సరిగ్గా చెప్పాలి కదా. మందులూ అవీ దాన్నిబట్టే..."

"మిగతావన్నీ చెప్పానుగా. ఏదీ దాచలేదు. ఆ ఒక్క వానాకాలం నాకు ఉండనీవే."

కూతురు ముఖం పక్కకి తిప్పుకుంది.

తూకం ముగించి మేస్త్రిని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆయన వచ్చేపోయేవాళ్లందరినీ చూసి నవ్వుతున్నాడు. భార్య దగ్గరికి రాగానే ఆ నవ్వు అలాగే ఉంచి అడిగాడు.

"ఎందుకు ఆగాం?"

"మందులకి."

"ఎవరికి?"

కూతురు తల్లిని చూసింది. తల్లి కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

"నాకు" అంది.

ఆయన ఆ కట్టు చూశాడు. "అయ్యో" అన్నాడు. అని, కాస్త జరిగి, ఆవిడకి బెంచీ మీద చోటిచ్చాడు.